యూనిట్ 12: గర్భాశయంలో పుట్టుకతో వచ్చే లోపాలు – ప్రత్యుత్పత్తి ఆరోగ్యంపై వాటి ప్రభావం

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 గర్భాశయం ఏర్పడే విధానం
12.3 లోపాల రకాలు
12.4 ప్రత్యుత్పత్తి ఆరోగ్యంపై ప్రభావం
12.5 నిర్ధారణ పద్ధతులు
12.6 చికిత్స
12.7 సామాజిక కోణం: తప్పు ఎవరిది?
12.8 సారాంశం
12.9 ముఖ్య పదాలు
12.10 మీ ప్రగతి ప్రశ్నలకు జవాబులు
12.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• పిండ దశలో గర్భాశయం ఏ మెట్ల ద్వారా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• ఏ మెట్టు దగ్గర ఆటంకం కలిగితే ఏ రకం లోపం వస్తుందో చెప్పగలుగుతారు.
• రుతుస్రావం, గర్భధారణ, ప్రసవాలపై ఈ లోపాల ప్రభావాన్ని అంచనా వేయగలుగుతారు.
• నిర్ధారణ సరిగా జరగకపోతే చికిత్స ఎందుకు దారి తప్పుతుందో గ్రహిస్తారు.

12.1 పరిచయం

స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ నిర్మాణాన్ని గత యూనిట్‌లో తెలుసుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో గీసే గర్భాశయం ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. తలకిందులుగా పెట్టిన బేరికాయ ఆకారం, లోపల ఒకే త్రికోణాకారపు గది, పైన రెండు పక్కలా ఫాలోపియన్ నాళాలు, కింద గర్భాశయ గ్రీవం. ఇంకా కాన్పు కాని స్త్రీలో దీని పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు, మందం 2.5 సెంటీమీటర్లు.

అయితే అందరు స్త్రీలలోనూ గర్భాశయం ఈ బొమ్మలో ఉన్నట్టే ఉండదు. కొందరిలో మధ్యలో గోడ ఉంటుంది. కొందరిలో రెండు గర్భాశయాలుంటాయి. కొందరిలో సగమే ఉంటుంది. అరుదుగా గర్భాశయమే ఉండదు. ఇవన్నీ పుట్టుకకు ముందే ఏర్పడిన తేడాలు. పెద్దయ్యాక వచ్చే గడ్డలు, ఇన్‌ఫెక్షన్లు, హార్మోన్ల తేడాలు వేరే కోవకు చెందుతాయి.

ఇవి అంత అరుదేమీ కాదు. 94 అధ్యయనాలను కలిపి చేసిన ఒక సమీక్ష 2011లో ప్రచురితమైంది. దాని ప్రకారం సాధారణ స్త్రీలలో 5.5 శాతం మందికి, సంతానలేమితో వచ్చిన వారిలో 8 శాతం మందికి, గర్భస్రావాలు జరిగిన వారిలో 13.3 శాతం మందికి ఏదో ఒక రకం తేడా ఉంది. సంతానలేమి, గర్భస్రావం రెండూ ఉన్నవారిలో ఇది 24.5 శాతం. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. సమస్యలున్న వారిలో లోపాలు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమే. అదే సమయంలో సాధారణ స్త్రీలలో ప్రతి వందమందిలో అయిదారుగురు ఏదో ఒక తేడాతో జీవిస్తున్నారు. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

సంపర్క తరగతుల్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, తరచు తరగతి అయిపోయి అందరూ వెళ్ళాక, అడిగే ప్రశ్న ఒకటుంది: “ఇందులో తప్పు ఎవరిదండీ?” ఆ ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు తరవాతి విభాగంలోనే ఉంది.

12.2 గర్భాశయం ఏర్పడే విధానం

సుమారు ఆరో వారం దాకా పిండం ఆడో మగో దాని నాళాలను చూసి చెప్పలేం. ప్రతి పిండంలోనూ రెండు జతల నాళాలుంటాయి. ఒక జత వుల్ఫియన్ నాళాలు, రెండో జత ములేరియన్ నాళాలు. రెండో జతకు ఆ పేరు 19వ శతాబ్దపు జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ములర్ పేరు మీదుగా వచ్చింది.

మగ పిండంలో వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జన్యువు ప్రభావంతో ముష్కాలు ఏర్పడతాయి. అవి స్రవించే యాంటీ ములేరియన్ హార్మోన్ వల్ల ములేరియన్ నాళాలు క్షీణించిపోతాయి. ఆడ పిండంలో ఆ దశలో ఈ హార్మోన్ ఉండదు కాబట్టి ములేరియన్ నాళాలు నిలిచి పెరుగుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1947లో ప్రచురించిన ప్రయోగాల్లో గర్భంలోని కుందేలు పిల్లల బీజాంగాలను తొలగించి చూశాడు. అప్పుడు జన్యుపరంగా మగవైన పిండాల్లో కూడా స్త్రీ నాళాలే వృద్ధి చెందాయి. నాళాల భవిష్యత్తును ముష్కాల స్రావాలు నిర్ణయిస్తాయని దీనితో రుజువైంది.

ఆడ పిండంలో ఆ తరవాతి పని మూడు మెట్లలో జరుగుతుంది.

మొదటి మెట్టు – ఏర్పడటం: కుడి, ఎడమ ములేరియన్ నాళాలు రెండూ పూర్తి పొడవుకు పెరగాలి.

రెండో మెట్టు – కలవడం: రెండు నాళాల కింది భాగాలు మధ్యకు వచ్చి ఒకదానితో ఒకటి అతుక్కోవాలి. కలిసిన భాగం గర్భాశయం, గ్రీవం, యోని పైభాగం అవుతుంది. కలవకుండా మిగిలిన పై భాగాలు రెండు ఫాలోపియన్ నాళాలవుతాయి.

మూడో మెట్టు – మధ్యగోడ కరిగిపోవడం: రెండు గొట్టాలు అతుక్కున్నప్పుడు వాటి నడుమ రెండు గోడలు కలిసి ఒక గోడగా మిగులుతాయి. సుమారు ఇరవయ్యో వారానికి ఆ గోడ కరిగిపోయి ఒకే గది ఏర్పడాలి. పక్కపక్కనున్న రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే హాలుగా మార్చినట్టు దీన్ని ఊహించుకోవచ్చు.

ఇక్కడ మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అండాశయాలు ములేరియన్ నాళాల నుంచి రావు. వాటి మూలం వేరు. అందుచేత గర్భాశయం అసలు లేని స్త్రీలో కూడా అండాశయాలు మామూలుగా పనిచేస్తాయి. రెండు, మూత్రపిండాల మూలం వుల్ఫియన్ నాళాలతో ముడిపడి ఉంది. ములేరియన్ నాళాలు వాటి పక్కనే, వాటిని ఆనుకుని పెరుగుతాయి. అందుచేత గర్భాశయ లోపమున్న వారిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఒక మూత్రపిండం లేకపోవడమో, స్థానం మారడమో కనిపిస్తుంది. గర్భాశయ లోపం బయటపడిన ప్రతి స్త్రీకీ మూత్రపిండాల స్కానింగ్ చేయించమనేది ఇందుకే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) గర్భాశయం లేని స్త్రీలో అండాశయాలు ఎందుకు మామూలుగా ఉంటాయి?
ఆ) గర్భాశయ లోపం ఉన్నప్పుడు మూత్రపిండాలను ఎందుకు పరీక్షించాలి?

12.3 లోపాల రకాలు

పై మూడు మెట్లు అర్థమైతే లోపాల పేర్లను బట్టీ పట్టాల్సిన పని ఉండదు. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే చాలు.

(అ) మొదటి మెట్టులో ఆగితే: రెండు నాళాలూ పెరగకపోతే గర్భాశయం, యోని పైభాగం ఏర్పడవు. దీన్ని ఎంఆర్‌కెహెచ్ సిండ్రోమ్ అంటారు. దీన్ని వర్ణించిన నలుగురు వైద్యుల పేర్లలోని తొలి అక్షరాలివి. సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడశిశువుల్లో ఒకరికి ఇది ఉంటుంది. ఒక నాళం మాత్రమే పూర్తిగా పెరిగితే సగం గర్భాశయం ఏర్పడుతుంది. ఇది ఏకశృంగ గర్భాశయం. రెండో పక్కన కొన్నిసార్లు చిన్న మొలక లాంటి అసంపూర్ణ శృంగం మిగిలిపోతుంది.

(ఆ) రెండో మెట్టులో ఆగితే: నాళాలు అసలు కలవకపోతే రెండు గర్భాశయాలు, రెండు గ్రీవాలు ఏర్పడతాయి. ఇది జంట గర్భాశయం. చాలామందిలో యోనిని కూడా నిలువుగా విభజించే పొర ఉంటుంది. కింది భాగం కలిసి పై భాగం విడిగా ఉండిపోతే రెండు కొమ్ముల ఆకారం వస్తుంది. ఇది ద్విశృంగ గర్భాశయం.

(ఇ) మూడో మెట్టులో ఆగితే: గర్భాశయం బయట నుంచి మామూలుగానే ఉంటుంది, లోపల మధ్యగోడ మిగిలిపోతుంది. ఇది సెప్టేట్ గర్భాశయం. గోడ కొంత వరకే ఉండవచ్చు, గ్రీవం దాకా కూడా ఉండవచ్చు. గోడ దాదాపు అంతా కరిగి పై కప్పు కొద్దిగా లోపలికి వంగి ఉంటే దాన్ని ఆర్క్యుయేట్ గర్భాశయం అంటారు. దీన్ని లోపంగా కాక సహజమైన తేడాగానే నేడు చాలామంది నిపుణులు పరిగణిస్తున్నారు.

వీటికి భిన్నంగా బయటి కారణంతో వచ్చిన లోపం ఒకటుంది. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో 1940ల నుంచి అమెరికా తదితర దేశాల్లో గర్భిణులకు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను ఇచ్చేవారు. ఆ తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి ‘టి’ అక్షరం ఆకారంలో గర్భాశయం ఏర్పడింది. కొందరికి యోనిలో అరుదైన క్యాన్సర్ కూడా వచ్చింది. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు దీన్ని ఇవ్వరాదని హెచ్చరించింది.

వర్గీకరణ: అమెరికన్ ఫెర్టిలిటీ సొసైటీ 1988లో ఈ లోపాలను ఏడు వర్గాలుగా విభజించింది. 2013లో యూరప్‌కు చెందిన రెండు సంఘాలు కలిసి మరో వర్గీకరణను ఇచ్చాయి. 2021లో అమెరికన్ సంఘమే తన పాత పట్టికను తొమ్మిది వర్గాలుగా సవరించింది. ఒకే గర్భాశయం ఒక పట్టికలో మామూలుదిగా, మరో పట్టికలో సెప్టేట్‌గా నమోదయ్యే సందర్భాలున్నాయి. రిపోర్టు చదివేటప్పుడు ఏ పద్ధతి ప్రకారం పేరు పెట్టారో తెలుసుకోవడం అవసరం.

12.4 ప్రత్యుత్పత్తి ఆరోగ్యంపై ప్రభావం

12.4.1 రుతుస్రావంపై ప్రభావం

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదహారేళ్ళ అమ్మాయి. రొమ్ములు, ఇతర యౌవన లక్షణాలు తోటివారిలాగే వచ్చాయి. కానీ ఇంకా పెద్దమనిషి కాలేదు. కడుపునొప్పి లేదు. ఇలాంటి స్థితిలో ఎంఆర్‌కెహెచ్‌ను అనుమానించాలి. అండాశయాలు హార్మోన్లను ఉత్పత్తి చేస్తున్నాయి కాబట్టి శరీరం ఎదిగింది. గర్భాశయం లేదు కాబట్టి రుతుస్రావం రాలేదు. ఇంచుమించు ఇవే లక్షణాలు ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్‌లో కూడా ఉంటాయి. అందులో క్రోమోజోములు ఎక్స్‌వై. ఎంఆర్‌కెహెచ్‌లో ఎక్స్‌ఎక్స్. అందుకే క్రోమోజోముల పరీక్ష, హార్మోన్ల పరీక్ష చేయిస్తారు.

ఇంకో అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. ఈమె కూడా పెద్దమనిషి కాలేదు. కానీ నెలనెలా నాలుగైదు రోజులు పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి. ఒకరోజు మూత్రం కూడా ఆగిపోయింది. ఈమెలో రుతుస్రావం మొదలైంది, బయటికి దారి లేదు. యోని ద్వారం దగ్గరి కన్నెపొర పూర్తిగా మూసుకుని ఉన్నా, యోనిలో అడ్డుపొర ఉన్నా రక్తం లోపలే నిలిచిపోతుంది. కన్నెపొర లోపం గర్భాశయ లోపం కాకపోయినా లక్షణాలు కలుస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాం. కన్నెపొర మూసుకుని ఉంటే చిన్న శస్త్రచికిత్సతో సరిపోతుంది. ఆలస్యమైతే రక్తం వెనక్కి నాళాల్లోకి, ఉదరంలోకి వెళ్ళి ఎండోమెట్రియోసిస్‌కు దారి తీయవచ్చు.

మూడో రకం మరింత మోసపుచ్చేది. జంట గర్భాశయంలో ఒక పక్క దారి తెరిచి ఉండి, రెండో పక్క మూసుకుని ఉంటే నెలసరి క్రమంగానే వస్తుంది, నొప్పి మాత్రం నెలనెలా పెరుగుతుంది. నెలసరి వస్తోంది కదా అని ఇంట్లోవారు, కొన్నిసార్లు వైద్యులు కూడా దీన్ని మామూలు నొప్పిగా తీసిపారేస్తారు. ఇలాంటి వారిలో మూసుకున్న పక్కనే మూత్రపిండం కూడా లేకపోవడం తరచు కనిపిస్తుంది.

యౌవన లక్షణాలు వచ్చినా 15 ఏళ్ళు నిండేసరికి రుతుస్రావం మొదలుకాకపోతే, లేదా 13 ఏళ్ళకు కూడా ఏ యౌవన లక్షణమూ కనిపించకపోతే వైద్య పరీక్ష అవసరం. “పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి” అన్న సలహా ఇక్కడ చాలా హాని చేస్తుంది.

12.4.2 గర్భధారణపై ప్రభావం

గర్భాశయం ఉన్నవారిలో ఆకారపు తేడా వల్ల గర్భం అసలు రాకపోవడం కన్నా, వచ్చిన గర్భం నిలవకపోవడం, నెలలు నిండకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి.

సెప్టేట్ గర్భాశయం: గర్భస్రావాలతో ఎక్కువ సంబంధం ఉన్న రకం ఇదే. మధ్యగోడకు రక్తప్రసరణ తక్కువని, పిండం అక్కడ అంటుకుంటే నిలదొక్కుకోలేదని చాలాకాలంగా ఇస్తున్న వివరణ. గోడలోని కణజాలాన్ని పరిశీలించిన అధ్యయనాలన్నీ దీన్ని ఒకేలా సమర్థించలేదు.

ద్విశృంగ, జంట గర్భాశయాలు: గర్భం చాలామందిలో నిలుస్తుంది. ఎదగడానికి చోటు తక్కువ కావడంతో నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. బిడ్డ తిరగడానికి వీలులేక ఎదురుకాళ్ళతో ఉండిపోవచ్చు. దానివల్ల సిజేరియన్ అవసరం పెరుగుతుంది.

ఏకశృంగ గర్భాశయం: గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, బిడ్డ ఎదుగుదల తగ్గడం – మూడింటి ముప్పూ ఉంది. అన్నింటికన్నా ప్రమాదకరమైనది అసంపూర్ణ శృంగంలో గర్భం రావడం. ఆ శృంగం గోడ పిండంతో పాటు సాగలేక చాలామందిలో నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు పగిలిపోతుంది. ఉదరంలో తీవ్ర రక్తస్రావమై తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. తొలి నెలల్లోనే స్కానింగ్ చేయించి గర్భం ఎక్కడ ఉందో నిర్ధారించుకోవడం వల్ల ఈ ప్రమాదాన్ని తప్పించవచ్చు.

కుటుంబ నియంత్రణలో కూడా ఈ తేడాలకు ప్రాధాన్యం ఉంది. రెండు గదులున్న గర్భాశయంలో ఒక గదిలో కాపర్-టి వేస్తే రెండో గదికి రక్షణ ఉండదు. రెండు గ్రీవాలున్న స్త్రీకి గర్భాశయ గ్రీవ క్యాన్సర్ పరీక్ష చేసేటప్పుడు రెండింటి నుంచీ నమూనాలు తీయాలి.

12.5 నిర్ధారణ పద్ధతులు

సెప్టేట్, ద్విశృంగ గర్భాశయాలు రెండింటిలోనూ లోపల రెండు గదులే కనిపిస్తాయి. తేడా బయటి ఆకారంలో ఉంది. సెప్టేట్‌లో పైకప్పు బయటి వైపు నునుపుగా ఉంటుంది. ద్విశృంగంలో బయటి వైపే ఒక సెంటీమీటర్ కన్నా లోతైన పల్లం ఉంటుంది.

హెచ్‌ఎస్‌జి అనే ఎక్స్‌రే పరీక్షలో గర్భాశయంలోకి రంగుద్రవం పంపి ఫొటో తీస్తారు. ఇది లోపలి గదిని, నాళాలు తెరుచుకుని ఉన్నాయా లేదా అన్నదాన్ని చూపుతుంది. బయటి ఆకారాన్ని చూపదు. కాబట్టి కేవలం ఈ పరీక్షతో పై రెండింటినీ వేరుచేయలేం. మామూలు స్కానింగ్ అనుమానాన్ని కలిగిస్తుంది. త్రీడీ అల్ట్రాసౌండ్ లోపలి, బయటి ఆకారాలను ఒకేసారి చూపుతుంది. ఎంఆర్ఐ సంక్లిష్టమైన లోపాల్లోనూ, యోని ద్వారా స్కానింగ్ చేయడానికి వీలుకాని అమ్మాయిల్లోనూ ఉపయోగపడుతుంది. ఒకప్పుడు నిర్ధారణకు హిస్టరోస్కోపీ, లాపరోస్కోపీ రెండూ కలిపి చేసేవారు. నేడు చాలామందికి ఆ అవసరం లేదు.

ఈ తేడా చికిత్స దగ్గర కీలకమవుతుంది. ద్విశృంగాన్ని సెప్టేట్‌గా పొరబడి లోపలి నుంచి గోడ కోస్తే గర్భాశయానికి రంధ్రం పడే ప్రమాదం ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) హెచ్‌ఎస్‌జి ద్వారా సెప్టేట్, ద్విశృంగ గర్భాశయాలను ఎందుకు వేరుచేయలేం?
ఆ) అసంపూర్ణ శృంగంలో గర్భం ఎందుకు ప్రమాదకరం?

12.6 చికిత్స

లోపం కనబడినంత మాత్రాన శస్త్రచికిత్స అవసరం కాదు. ఆర్క్యుయేట్ గర్భాశయానికి ఏ చికిత్సా అక్కర్లేదు. ద్విశృంగ, జంట గర్భాశయాలకు నేడు శస్త్రచికిత్స చాలా అరుదు. గర్భిణిగా ఉన్నప్పుడు జాగ్రత్తగా గమనించడం, గ్రీవం పొడవును స్కానింగ్‌లో చూడటం, బలహీనంగా ఉంటే కుట్టు వేయడం, తగిన ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవడం ముఖ్యం. పనిచేసే లోపొర ఉన్న అసంపూర్ణ శృంగాన్ని మాత్రం గర్భధారణకు ముందే తొలగించమని సలహా ఇస్తారు.

సెప్టేట్ గర్భాశయంలో హిస్టరోస్కోప్ ద్వారా మధ్యగోడను కోసివేయడం దశాబ్దాలుగా జరుగుతోంది. కోత లేకుండా చేసే ఈ చికిత్స తరవాత గర్భస్రావాలు తగ్గాయని అనేక పరిశీలనలు చెప్పాయి. అయితే వాటిలో చాలా భాగం ఒకే స్త్రీలో చికిత్సకు ముందు, తరవాత స్థితులను పోల్చినవి. చికిత్స లేకున్నా తరవాతి గర్భం నిలిచేదేమో అన్న ప్రశ్నకు ఆ పద్ధతి జవాబు చెప్పలేదు. 2021లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశోధనలో సుమారు 80 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. గోడ తొలగించిన వారిలో 31 శాతం మందికి, తొలగించని వారిలో 35 శాతం మందికి సజీవ శిశువులు జన్మించారు. అంటే చికిత్స వల్ల లాభం కనబడలేదు. పాల్గొన్నవారి సంఖ్య చిన్నది కాబట్టి దీన్నే ఆఖరి మాటగా తీసుకోలేం. గర్భస్రావాల చరిత్ర, వయసు, గోడ పొడవు చూసి, లాభనష్టాలు రెండూ స్త్రీకి వివరించి నిర్ణయించడం సరైన మార్గం.

ఎంఆర్‌కెహెచ్ ఉన్న స్త్రీకి మొదట కావలసింది మానసిక సహాయం, సరైన సమాచారం. దాంపత్య జీవితానికి అవసరమైన యోని పొడవును డైలేటర్లతో క్రమంగా పెంచుకోవచ్చు. చాలామందికి శస్త్రచికిత్స అవసరం రాదు. ఆమె అండాశయాలు పనిచేస్తాయి కాబట్టి ఆమె అండంతో ఏర్పడిన పిండాన్ని సరొగసీ ద్వారా మరొక స్త్రీ మోయవచ్చు. మన దేశంలో 2021 నాటి సరొగసీ నియంత్రణ చట్టం వాణిజ్య సరొగసీని నిషేధించి, ప్రతిఫలం లేని సరొగసీని షరతులతో అనుమతించింది. దత్తత మరో మార్గం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మాట్స్ బ్రాన్‌స్ట్రోమ్ బృందం చేసిన గర్భాశయ మార్పిడి తరవాత 2014 సెప్టెంబరులో ప్రపంచంలో తొలిసారిగా అలాంటి శిశువు జన్మించాడు. ఆ తల్లి పుట్టుకతో గర్భాశయం లేని స్త్రీ. మన దేశంలో ఈ శస్త్రచికిత్స తొలిసారి 2017లో పుణేలో జరిగింది. ఇది ఖరీదైనది, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాల్సినది. అందుకే ఇది ఇంకా కొద్దిమందికే అందుతోంది.

12.7 సామాజిక కోణం: తప్పు ఎవరిది?

గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందని, కత్తిపీట పట్టుకుందని బిడ్డ లోపాలకు కారణాలు వెతకడం మన ఇళ్ళలో ఉంది. పైపెదవి చీలికకు గ్రహణం మొర్రి అన్న పేరే ఉంది. గర్భాశయ లోపాల విషయంలో నింద రెండుసార్లు పడుతుంది. మొదట కన్నతల్లి మీద, తరవాత కోడలిగా వెళ్ళిన ఆ అమ్మాయి మీద.

12.2లో చదివింది గుర్తు చేసుకోండి. ఈ నిర్మాణమంతా సుమారు ఆరో వారం నుంచి ఇరవయ్యో వారం లోపు జరుగుతుంది. తాను గర్భవతినని తల్లికి అప్పుడప్పుడే తెలిసే రోజుల్లోనే మొదటి మెట్టు మొదలవుతుంది. ఎక్కువ మందిలో క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి. అనేక జన్యువులు, ఇతర అంశాలు కలిసి పనిచేస్తాయని భావిస్తున్నారు. తల్లి తిన్నదానికో, చూసినదానికో దీనితో సంబంధం లేదు. అమ్మాయి చేసినదేమీ ఇందులో లేదు. ఆమె పుట్టడానికి నెలల ముందే ఇది జరిగిపోయింది. కాబట్టి “తప్పు ఎవరిది” అన్న ప్రశ్నకు జవాబు: ఎవరిదీ కాదు.

కానీ పుట్టిన తరవాత జరిగే తప్పులున్నాయి. రజస్వల కాని అమ్మాయిని పరీక్ష చేయించకుండా, సంగతి దాచి పెళ్ళి చేయడం ఒక తప్పు. పిల్లలు పుట్టకపోతే భర్తకు వీర్య పరీక్ష కూడా చేయించకుండా భార్యను గొడ్రాలనడం మరో తప్పు. రిపోర్టులో ఒక పేరు కనబడగానే ఇక పిల్లలు పుట్టరని చెప్పేయడం, అవసరం తేల్చకుండా శస్త్రచికిత్సకు తొందరపెట్టడం కూడా తప్పులే. మీలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. నెలసరి రాని అమ్మాయి గురించి, నెలనెలా నొప్పితో బడి మానేసే అమ్మాయి గురించి ముందుగా తెలిసేది మీకే. ఆమెను తల్లితో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి స్త్రీ వైద్య నిపుణుల వద్దకు పంపడం, ఆ సంగతి ఊరంతా పాకకుండా గోప్యంగా ఉంచడం మీ చేతిలో పని.

12.8 సారాంశం

గర్భాశయం రెండు ములేరియన్ నాళాలు ఏర్పడి, కలిసి, మధ్యగోడ కరగడం వల్ల తయారవుతుంది. మొదటి మెట్టులో ఆటంకం వల్ల ఎంఆర్‌కెహెచ్, ఏకశృంగ గర్భాశయం, రెండో మెట్టులో జంట, ద్విశృంగ గర్భాశయాలు, మూడో మెట్టులో సెప్టేట్ గర్భాశయం ఏర్పడతాయి. అండాశయాలు మామూలుగా ఉంటాయి. మూత్రపిండ లోపాలు తోడు రావచ్చు. రుతుస్రావం రాకపోవడం, నెలవారీ నొప్పి, గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, ఎదురుకాళ్ళ కాన్పు ముఖ్యమైన ప్రభావాలు. చాలామంది స్త్రీలు ఏ చికిత్సా లేకుండానే తల్లులవుతారు. సరైన నిర్ధారణ లేకుండా చికిత్స మొదలుపెట్టరాదు.

12.9 ముఖ్య పదాలు

ములేరియన్ నాళాలు: ఫాలోపియన్ నాళాలు, గర్భాశయం, గ్రీవం, యోని పైభాగాలకు మూలమైన పిండ దశ నాళాలు.
ఏకశృంగ గర్భాశయం: ఒక నాళం నుంచి మాత్రమే ఏర్పడిన సగం గర్భాశయం.
సెప్టేట్ గర్భాశయం: బయటి ఆకారం మామూలుగా ఉండి, లోపల మధ్యగోడ మిగిలిన గర్భాశయం.
హిస్టరోస్కోపీ: గ్రీవం ద్వారా సన్నని గొట్టం పంపి గర్భాశయం లోపలి భాగాన్ని చూసే పద్ధతి.

12.10 మీ ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. అ) అండాశయాలు ములేరియన్ నాళాల నుంచి ఏర్పడవు కాబట్టి. ఆ) మూత్రపిండాల మూలమైన వుల్ఫియన్ నాళాలు, ములేరియన్ నాళాలు ఆనుకుని పెరుగుతాయి కాబట్టి.
2. అ) అది బయటి ఆకారాన్ని చూపదు కాబట్టి. ఆ) శృంగం గోడ సాగలేక పగిలి తీవ్ర రక్తస్రావం కావచ్చు కాబట్టి.

12.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. గర్భాశయం ఏర్పడే మూడు మెట్లను వివరించి, ఒక్కో మెట్టులో ఆటంకం వల్ల వచ్చే లోపాలను తెలపండి.
2. గర్భాశయ లోపాలు రుతుస్రావం, గర్భధారణలపై చూపే ప్రభావాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. సెప్టేట్, ద్విశృంగ గర్భాశయాల మధ్య తేడాలేమిటి? ఆ తేడా చికిత్సలో ఎందుకు ముఖ్యం?
2. మధ్యగోడ తొలగింపుపై 2021 నాటి పరిశోధన ఏం తెలిపింది? పాత పరిశీలనలకు దీనికి పద్ధతిలో తేడా ఏమిటి?
3. పదహారేళ్ళు నిండినా రజస్వల కాని అమ్మాయి కుటుంబానికి మీరు ఏ సలహా ఇస్తారు? కారణాలతో రాయండి.